ఆయుధం పట్టుకొని బజారులో నడవవచ్చా? చట్టం ఏమంటుంది, సంఘం ఏమి చేయాలి?

వేములవాడ, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతపు సంఘాల్లో గల్ఫ్‌లోనో అమెరికాలోనో పిల్లలున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. "అమెరికాలో నడుముకు తుపాకీ కట్టుకొని దుకాణాలకు వస్తారట, పోలీసులు ఏమీ అనరట, నిజమేనా అయ్యగారూ?" అని ఆ తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఇక్కడ చూస్తే, తల్వారుతో పుట్టినరోజు కేకు కోసి ఆ వీడియోను ఫోన్లో పెట్టడం కొందరు యువకులకు సరదా అయింది. ఆరాధన స్థలాల భద్రత గురించి ఆందోళనపడే పెద్దలు కొందరు, "మన దగ్గర కూడా ఏదైనా ఉండాలి కదా" అంటున్నారు. మూడు మాటల్లోనూ ఉన్న ప్రశ్న ఒక్కటే. నలుగురిలో ఆయుధం పట్టుకొని తిరిగే హక్కు మనిషికి ఉన్నదా? ఈ వారం ఆ సంగతిని చట్టం వైపు నుండి, మన ప్రాంత చరిత్ర వైపు నుండి, చివరగా వాక్యం వైపు నుండి చూద్దాం.

మన దేశంలో తుపాకీ హక్కు కాదు, అనుమతి

మన దేశంలో ఆయుధాలకు మూలమైన చట్టం 1959 నాటి ఆయుధాల చట్టం. దాని 3వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా ఎవరూ తుపాకీ కొనకూడదు, ఉంచుకోకూడదు, వెంట తీసుకెళ్లకూడదు. మన రాజన్న సిరిసిల్ల, జగిత్యాల వంటి జిల్లాల్లో సాధారణ లైసెన్సులు ఇచ్చే అధికారం కలెక్టరుది. పోలీసు కమిషనరేట్లున్న చోట అది కమిషనరుది. పోలీసుల విచారణ నివేదిక చూసి ఇవ్వవచ్చు, నిరాకరించవచ్చు. 2019లో ఈ చట్టాన్ని సవరించి, ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకులను మూడు నుండి రెండుకు తగ్గించారు.

అడవి పందుల చేత మక్క చేను పోగొట్టుకునే రైతు గోడు ఈ చట్టం చేసినవారికి తెలియనిది కాదు. పంట కాపాడుకోవడానికి నిజంగా అవసరమైతే, గొట్టంలో మందు కూరి పేల్చే తుపాకీకి లైసెన్సు అడిగే దారి 13వ సెక్షన్‌లో ఉంది. కానీ అది లైసెన్సు దారే. లైసెన్సు లేని నాటు తుపాకీని గడ్డివాములో దాచుకున్నవాడు, పందుల కోసమే అని ఎంత చెప్పుకున్నా నేరస్థుడే అవుతాడు.

లైసెన్సు ఉన్నవారైనా తుపాకీని ఇష్టం వచ్చినట్టు పట్టుకొని తిరగవచ్చా? తిరగకూడదు. 2016 ఆయుధాల నియమావళిలోని 32వ నియమం ఈ సంగతి చెబుతుంది. పిస్తోలు వంటిదైతే దానికని చేసిన ఒరలో గానీ సంచిలో గానీ ఉండాలి. పెద్ద తుపాకీ అయితే దాని తొడుగులో ఉండాలి. ఏదైనా సరే బయటికి కనబడకుండా పూర్తిగా కప్పి ఉండాలి, తీసుకెళ్లేవాని అదుపులో ఉండాలి. బహిరంగ స్థలంలో దాన్ని తీసి ఊపడం, పేల్చడం నిషేధం. అంటే అమెరికాలో కొన్ని రాష్ట్రాలు అనుమతించే పని, తుపాకీ కనబడేలా కట్టుకొని తిరగడం, మన దేశంలో లైసెన్సుదారుకు కూడా లేదు.

పెళ్లి బరాత్‌లలో గాలిలోకి కాల్చే అలవాటు గురించి కూడా 2019 సవరణ మాట్లాడింది. వేడుకల్లో గానీ నిర్లక్ష్యంగా గానీ ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా తుపాకీ పేల్చితే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఎవరికీ తగలకపోయినా సరే.

ఇంకొక సెక్షన్ కూడా తెలుసుకోవాలి. ఆయుధాన్ని పట్టుకున్న తీరు చూస్తే, దానితో ఏదో తప్పు పని చేయబోతున్నాడన్న సహేతుకమైన అనుమానం కలిగితే, లైసెన్సు ఉన్నా లేకున్నా వారంటు లేకుండా అరెస్టు చేసి ఆయుధాన్ని స్వాధీనం చేసుకునే అధికారం 20వ సెక్షన్ ఇస్తుంది.

ఈ నిబంధనలకు మినహాయింపులు కొన్ని ఉన్నాయి. విధి నిర్వహణలో ఉన్న పోలీసులకు, సైనికులకు చట్టమే మినహాయింపు ఇచ్చింది. సిక్కులు కృపాణం ధరించడం వారి మతాచారంలో భాగమని రాజ్యాంగం 25వ అధికరణం వివరణలోనే చెప్పింది. కర్ణాటకలోని కొడవలకు కొన్ని తుపాకుల విషయంలో లైసెన్సు నుండి మినహాయింపు బ్రిటిషు కాలం నుండి వస్తున్నది. ఇవి తప్ప, ఫలానా కులం వాడినని, ఫలానా పార్టీ వాడినని, ఫలానా మతం వాడినని ఎవరికీ ప్రత్యేక హక్కు లేదు.

కత్తి, కొడవలి, కర్ర

తుపాకీ మన ఇళ్లలో ఉండదు కాబట్టి ఈ చట్టంతో మనకు పని లేదనుకోవడం పొరపాటు. చట్టం దృష్టిలో 'ఆయుధం' అంటే తుపాకీ ఒక్కటే కాదు. కొట్టడానికో కాపాడుకోవడానికో ఆయుధంగా తయారుచేసిన పదునైన వస్తువులన్నీ అందులోకి వస్తాయి. తల్వార్లు, బాకులు, బల్లేలు, తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు లేదా రెండు అంగుళాలకు మించిన వెడల్పు అలుగు ఉన్న కత్తులు నియమావళి జాబితాలో ఉన్నాయి. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో వీటికీ లైసెన్సు కావాలని 4వ సెక్షన్ అంటుంది.

అయితే ఇంటి పనికి, వ్యవసాయానికి మాత్రమే చేసిన వస్తువులను ఆ నిర్వచనం నుండి తప్పించారు. మామూలు చేతికర్ర ఆయుధం కాదు. ఆడుకోవడానికి తప్ప మరెందుకూ పనికిరాని బొమ్మ ఆయుధం కూడా ఆయుధం కాదు. కాబట్టి పొలానికి కొడవలి పట్టుకెళ్లే అక్క, తాటి చెట్టెక్కే గౌడన్న నడుముకున్న కత్తి, బీడీలు చుట్టే అమ్మ చేతి కత్తెర చట్టానికి వ్యతిరేకం కావు. క్రిస్మస్ నాటకంలో హేరోదు సైనికుల అట్టకత్తులకూ భయం లేదు. కానీ అదే నాటకానికి "నిజమైన దానిలా ఉండాలి" అని ఎవరి దగ్గరో అసలు తల్వారు అరువు తెస్తే అది వేరే సంగతి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పనిముట్టు చేసిన అవసరం ఒకటైతే, పట్టుకున్న సందర్భం మరొకటి కావచ్చు. భారతీయ న్యాయ సంహిత 189వ సెక్షన్ ప్రకారం, ఐదుగురు లేదా అంతకు మించినవారు చట్టవిరుద్ధమైన ఉద్దేశంతో గుమికూడినప్పుడు, ప్రాణం తీయగల ఏ వస్తువు పట్టుకొని అందులో ఉన్నా రెండేళ్ల వరకు జైలు పడవచ్చు. పొద్దున వరి కోసిన కొడవలే సాయంత్రం తగాదాలో పట్టుకొని నిలబడితే ఆయుధమవుతుంది.

దీనికి తోడు స్థానిక ఆదేశాలు. 1861 నాటి పోలీసు చట్టం 30వ సెక్షన్ కింద మన జిల్లాల్లో పోలీసు అధికారులు ఎప్పటికప్పుడు ప్రకటనలు ఇస్తుంటారు. అనుమతి లేకుండా సభలు, ఊరేగింపులు జరపవద్దని, కత్తులు, కర్రలు, తుపాకులు, పేలుడు పదార్థాలు పట్టుకొని రావద్దని వాటి సారాంశం. గొడవలు జరుగుతాయన్న భయం ఉన్నప్పుడు, పాత 144 సెక్షన్ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద కూడా ఆదేశాలు వస్తాయి. మట్టల ఆదివారం ఊరేగింపుకైనా, ఈస్టరు తెల్లవారుజాము నడకకైనా, ఏ మతం వారి శోభాయాత్రకైనా ఇవి వర్తిస్తాయి.

ఈ నేల ఈ పాఠాన్ని ఎలా నేర్చుకుంది?

ఆయుధం పట్టుకోవడంపై నిషేధం అన్న మాట మన పెద్దలకు పుస్తకాల్లో చదివిన మాట కాదు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతు కూలీలు జైత్రయాత్ర జరిపారు. వెట్టికీ, దొరల పెత్తనానికీ వ్యతిరేకంగా అప్పటికే సిరిసిల్ల, జగిత్యాల పల్లెలు కదిలి ఉన్నాయి. ఆ అక్టోబరులోనే అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

దానికి వాడిన చట్టం 1948లో మద్రాసు రాష్ట్రంలో పుట్టింది. కల్లోలిత ప్రాంతమని ప్రకటించిన చోట అది ఇచ్చిన అధికారాన్ని శ్రద్ధగా గమనించండి. ఐదుగురు లేదా అంతకు మించి గుమికూడరాదన్న ఆదేశాన్ని గానీ, ఆయుధాలను లేదా ఆయుధాలుగా వాడదగిన వస్తువులను పట్టుకోరాదన్న ఆదేశాన్ని గానీ ఎవరైనా మీరితే, శాంతిభద్రతలకు అవసరమని తనకు తోచినప్పుడు మెజిస్ట్రేటు గానీ, సబ్-ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని పోలీసు అధికారి గానీ ప్రాణం పోయేలా కూడా కాల్పులు జరపవచ్చు. ఆయుధాలుగా వాడదగిన వస్తువు లేని ఇల్లు పల్లెటూరిలో ఉంటుందా? గొడ్డలి, గడ్డపార, కొడవలి, ముల్లుకర్ర, అన్నీ ఆ మాటలోకి వస్తాయి. శాంతిని కాపాడటానికి ఆయుధాన్ని నిషేధించిన చట్టమే, పనిముట్టుతో బతికే కూలిని కాల్చడానికి దారి ఇవ్వగలదని మన తాలూకాల పేర్లు గుర్తు చేస్తున్నాయి.

ఆ తరువాతి ఏళ్లలో మన పల్లెలు రెండు వైపుల తుపాకులనూ చూశాయి. రాత్రి దళం వచ్చి అన్నం అడిగితే పెట్టక తప్పదు. పగలు పోలీసులు వచ్చి ఎందుకు పెట్టావని అడిగితే చెప్పక తప్పదు. ఇన్‌ఫార్మరు అన్న పేరుతో కొందరు, ఎన్‌కౌంటరు అన్న పేరుతో కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఇళ్లలో మన విశ్వాసుల ఇళ్లు కూడా ఉన్నాయి. అన్యాయాన్ని ఎదిరించడానికే ఆయుధం పట్టామని ఒక పక్షం, చట్టాన్ని నిలబెట్టడానికే పట్టామని మరొక పక్షం చెప్పుకున్నాయి. మధ్యలో ఉన్న నిరాయుధునికి రెండు తుపాకుల గొట్టాలూ ఒక్కటిగానే కనిపించాయి.

అందుకే మేము రెండు మాటలూ కలిపి చెబుతున్నాం. జనం చేతుల్లో ఆయుధాలు స్వేచ్ఛగా తిరగకూడదు. ఆ నిషేధాన్ని అమలు చేసే చెయ్యి కూడా చట్టానికి జవాబు చెప్పాలి. రెండింటిలో ఒకటి మాత్రమే చెప్పేవారు ఈ నేల చరిత్రలో సగమే చదివినట్టు.

అమెరికాలో ఉన్న మన పిల్లల సంగతి

అమెరికా రాజ్యాంగపు రెండవ సవరణ ఆయుధాలు కలిగి ఉండటాన్ని హక్కుగా చూస్తుంది. మన దగ్గర 'అనుమతి ఉంటేనే' అన్నది మూలసూత్రమైతే, అక్కడ చాలా చోట్ల 'నిషేధం లేకపోతే చాలు' అన్నది మూలసూత్రం. పైగా ఒక్కో రాష్ట్రానికి ఒక్కో చట్టం. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో లైసెన్సుదారులు పిస్తోలును కనబడేలా పెట్టుకోవచ్చని 2016 జనవరి 1 నుండి అనుమతించారు. 2021 సెప్టెంబరు 1 నుండి అర్హులైన పెద్దవారికి లైసెన్సు కూడా అక్కరలేదన్నారు. చికాగో ఉన్న ఇల్లినాయ్‌లో మాత్రం పిస్తోలు కనబడేలా పెట్టుకొని తిరగడం నిషేధం. రాష్ట్రం సరిహద్దు దాటితే చట్టం మారిపోతుంది.

రాష్ట్రానికీ ఊరికీ మధ్య కూడా ఈ పోటీ ఉంది. కాన్సస్ రాష్ట్రం 2014లో చట్టం చేసి, పట్టణాలు సొంతంగా పెట్టుకున్న తుపాకీ ఆంక్షలను చెల్లకుండా చేసింది. ఆ రాష్ట్రంలోని ఓలేత్ పట్టణంలోనే 2017 ఫిబ్రవరి 22న ఒక బారులో, మా దేశం నుండి వెళ్లిపొమ్మంటూ ఒక వ్యక్తి కాల్పులు జరిపాడు. హైదరాబాదుకు చెందిన ఒక తెలుగు ఇంజనీరు చనిపోయాడు, ఆయన తెలుగు స్నేహితుడు గాయపడ్డాడు. చేతిలో ఆయుధం లేకుండానే ఆ దుండగుని పట్టుకోబోయి గాయపడిన మూడవవాడు ఒక అమెరికన్. ఆ చట్టం వల్లే ఈ హత్య జరిగిందని మేము అనడం లేదు. కానీ కోపం, ద్వేషం, తుపాకీ మూడూ చేతికందే దూరంలో ఉన్నచోట ఏమి జరుగుతుందో చూశాం.

అక్కడి సంఘాల వాదన కూడా న్యాయంగా వినాలి. 2017 నవంబరు 5న టెక్సస్‌లోని సదర్లాండ్ స్ప్రింగ్స్ బాప్టిస్టు సంఘంలో ఆదివారం ఆరాధన వేళ జరిగిన కాల్పుల్లో, గర్భస్థ శిశువుతో కలిపి 26 మంది చనిపోయారు. ఆ తరువాత 2019లో ఆ రాష్ట్రం, సంఘం ప్రత్యేకంగా వద్దని తెలియజేయకపోతే లైసెన్సుదారులు ఆరాధన స్థలాల్లోకి తుపాకీ తేవచ్చని స్పష్టం చేసింది. అదే ఏడాది డిసెంబరు 29న వైట్ సెటిల్‌మెంట్ పట్టణంలోని ఒక సంఘంలో కాల్పులు జరిపి ఇద్దరిని చంపినవాణ్ణి, సంఘపు భద్రతా బృందంలోని సభ్యుడే కాల్చి ఆపాడు. ఆయన లేకపోతే ఇంకెందరు పోయేవారో అన్న మాటను మేము తేలికగా తీసుకోము. అయితే తుపాకులు నిండిన సమాజంలో పుట్టిన ఆ అవసరాన్ని, తుపాకులు లేని మన ఊళ్లకు తెచ్చుకోవడం తెలివైన పని కాదు.

తల్లిదండ్రులు పిల్లలకు తప్పక చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఎఫ్-1 విద్యార్థి వీసా, హెచ్-1బి ఉద్యోగ వీసా వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా కేంద్ర చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. టెక్సస్ చట్టం ఎంత ఉదారంగా ఉన్నా ఈ కేంద్ర నిషేధం తొలగిపోదు. స్నేహితుని తుపాకీ పట్టుకొని సరదాగా దిగిన ఫోటో రేపు కేసుకూ వీసాకూ ముప్పు తేవచ్చు.

వాక్యం వైపు నుండి

ఆయుధాల నిషేధం బైబిలుకు కొత్త కాదు. సమూయేలు మొదటి గ్రంథం 13వ అధ్యాయంలో ఫిలిష్తీయులు ఇశ్రాయేలు దేశమంతటా కమ్మరి లేకుండా చేశారు. నాగలి నక్కు పదును పెట్టించుకోవాలన్నా శత్రువు దగ్గరికే వెళ్లాలి. బలవంతుడు తన ఆయుధం ఉంచుకొని బలహీనుని పనిముట్టును కూడా అనుమానించే చట్టం అన్యాయమని ఆ అధ్యాయం మనకు చూపిస్తుంది. నెహెమ్యా కాలంలో గోడ కట్టినవారు ఒక చేత పని చేస్తూ ఒక చేత ఆయుధం పట్టుకున్నారన్నది కూడా నిజమే. కాబట్టి ఆత్మరక్షణ అనే ఆలోచనే పాపమని మేము బోధించడం లేదు. మన దేశ చట్టం కూడా ఆత్మరక్షణ హక్కును గుర్తించింది.

కానీ గెత్సేమనే తోటలో జరిగింది మనం దాటి పోలేము. శిష్యుల దగ్గర ఉన్నవి రెండు కత్తులు. పేతురు ఒకటి దూశాడు. తెగింది సైన్యాధిపతి తల కాదు, ప్రధాన యాజకుని దాసుని చెవి. ఆయుధం తీసినప్పుడు తరచు దెబ్బ తినేది ఇలాంటి చిన్నవాడే. ప్రభువు కత్తిని ఒరలో పెట్టించి, తనను పట్టుకోవడానికి వచ్చినవాని చెవిని బాగుచేశాడు. సిలువకు ముందు సువార్తల్లో కనబడే ఆయన చివరి స్వస్థత అదే.

సంఘాలు ఏమి చేయాలి?

మొదటిది, యువజన కూటాల్లో ఈ చట్టం సంగతి ఒక్కసారైనా వివరంగా చెప్పండి. తల్వారుతో కేకు కోసిన వీడియో ఆ కుర్రవాని మీద తానే ఇచ్చుకున్న సాక్ష్యం. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తున్నవారికి పాస్‌పోర్టు నిరాకరించడానికి 1967 పాస్‌పోర్టు చట్టం వీలిస్తుంది. బయటికి వెళ్లాలంటే ముందు కోర్టు అనుమతి కోసం తిరగాలి. దుబాయి, మస్కట్ వెళ్లి అప్పు తీర్చవలసిన కొడుకు అర నిమిషం వీడియో కోసం మూడేళ్లు కోర్టు మెట్లెక్కే పని మనకెందుకు?

రెండవది, ఊరేగింపుకు ముందుగానే రాతపూర్వకంగా అనుమతి అడగండి. దారి, సమయం, బాధ్యులైన పెద్దల పేర్లు అందులో రాయండి. జెండా కర్రల విషయంలో కూడా స్టేషనులో అడిగి, చెప్పినట్టు చేయండి.

మూడవది, ఆరాధనకు ముప్పు ఉందనిపిస్తే కర్రలు పోగుచేయకండి. పోలీసులకు దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. వాకిట్లో లైటు, కెమెరా పెట్టండి. ద్వారం దగ్గర ఇద్దరు పెద్దలు నిలబడండి. ఇరుగుపొరుగు హిందూ, ముస్లిం పెద్దలతో ముందునుండే మాట్లాడుకుంటూ ఉండండి. దేవాలయ ప్రాంగణంలోనే దర్గా ఉన్న వేములవాడలో ఇరుగుపొరుగు అన్న మాటకు అర్థం కొత్తగా నేర్పనక్కరలేదు.

నాలుగవది, చట్టం అందరికీ ఒకేలా అమలు కావాలని అడగండి. ఒక ఊరేగింపులో కత్తి కనబడితే కేసు, మరొక ఊరేగింపులో కనబడితే కాపలా అన్నట్టు ఉండకూడదు. ఎక్కడ చూసినా, ఎవరి చేతిలో చూసినా, గొడవకు దిగకుండా అధికారులకు తెలియజేయండి. పెద్దవాని లైసెన్సు తుపాకీకీ పేదవాని కర్రకూ వేర్వేరు కొలతలు వాడితే దానిని కూడా వినయంగా, కాగితం మీద అడగండి. చట్టానికి లోబడటం, చట్టాన్ని న్యాయంగా నడపమని అడగటం ఒకదానికొకటి వ్యతిరేకం కావు. 1978 చూసిన తరం ఇంకా మన బల్లల మీద కూర్చొని ఉంది. వారిని అడిగితే, ఈ రెండూ ఎందుకు కలిసి ఉండాలో మాకంటే బాగా చెబుతారు.